రాణిగారి క్రియ

రాజోలు దగ్గర ఒక కొబ్బరితోట. తోటలో ఇల్లు, ఇంటి వసారాలో ఇద్దరు: వెబ్ సిరీస్ రాసి తీస్తున్న సత్యప్రియ, అందులోని సిరుమ రాజ్యం కోసం లోకంలో లేని ఒక భాషను కల్పించి ఇచ్చిన దేవదానం. ఇల్లు సత్యప్రియ మామ్మగారిది.

“…రోత పుట్టిందండి. అంతకంటే మర్యాదైన మాట నా దగ్గర లేదు.”

“రోతా? దేవదానం గారూ, నిన్న రిహార్సల్లో ఆ సీను చూసి మా కెమెరామన్ రాజ్ కుమార్ కళ్ళు తుడుచుకున్నాడు. మీకేమో రోత.”

“ఆయన తుడుచుకున్నారు, నేనూ చూసేను. నాకు మాత్రం అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. లేచి కాలవగట్టు మీదికి పోయి నించున్నాను.”

“అందుకా కనిపించలేదు. పోనీ ఏం బాలేదో చెప్పండి. రేపు పొద్దున్నే షూటింగు. చిన్న మార్పులైతే ఇప్పుడే చేసేద్దాం.”

“ఎల్తు తీసెయ్యండి. ఆ రాణి నోట్లోంచి ఆ క్రియ తీసెయ్యండి. సిరుమలో ఇవ్వడానికి మామూలు మాట దమ ఉంది కదా, అది పెట్టుకోండి.”

“దమ అంటే పక్కింటికి చారెడు ఉప్పు ఇవ్వడం. కరువులో ఉన్న ముసలావిడ చేతిలో రాణి తన బంగారు గిన్నె పెట్టి, దమ అంటుందా? ఎల్తున్ అనాలి. ఇచ్చేశాను, ఇక తీసుకోను. అసలు ఆ ఒక్క మాట కోసమే ఆ ఎపిసోడ్ రాశాను నేను. తినడానికి, నడవడానికి, కొట్టుకోవడానికి ఎన్ని క్రియలు చేసిచ్చారు, ఒక్కటీ నాకు గుర్తుండలేదు. ఇది మాత్రం నిద్దట్లో లేపినా చెప్తాను. ఎల్తున్, నేనిచ్చేశాను. ఎల్తురా, ఆవిడిచ్చేసింది. ఎల్తుమే, ఇచ్చెయ్యి.”

“నాలుగోది మర్చిపోయేరు.”

“నాలుగోదేంటి?”

“ఎల్తోయి.”

“ఓ, అదా. నాకలా ఇచ్చేశారు అని. అది ఎక్కడా అవసరం పడలేదండీ. ముసలావిడకి డైలాగు లేదు కదా. గిన్నె కళ్ళకద్దుకుని వెళ్ళిపోతుంది, అంతే.”

“ఆయ్. కళ్ళకద్దుకుని వెళ్ళిపోతుంది.”

“మీరు అలా ఆయ్ అంటే తిట్టినట్టుంది.”

“తిట్టేను కాబట్టి.”

“ఎందుకండీ ఇంత కోపం? అర్థం నేను మార్చలేదే. మీరు పంపిన పదకోశంలో మీరే రాశారు, ఇచ్చి వెనక్కి తీసుకోకపోవడం అని. ఇవ్వడానికి దమ ఉండగా దీనికి మళ్ళీ వేరే క్రియ ఎందుకని ఫోన్లో అడిగితే, ఉండాలండి అని పెట్టేశారు. నేనేమో మురిసిపోయాను. ఎంత గొప్ప మనుషులో ఈ సిరుమ వాళ్ళు, ఉదారంగా ఇవ్వడానికి ఓ క్రియే పెట్టుకున్నారు అని.”

“మీరు దాన్ని రాణికిస్తారనుకోలేదు. అది పెరట్లో వాడే మాట. వంటింటి వెనక, బూడిద గంప పక్కన. దాన్ని తీసుకొచ్చి ఆవిడ చేత కళ్ళు మూసుకుని మంత్రంలా చదివించేరు. వెనకాల వేణువొకటి. అందుకే రోతండి.”

“వేణువు టెంపరరీ.”

“నిన్న ఆ ముసలావిడ వేషం వేసిందెవరు?”

“ఎవరో లోకల్ ఆవిడ. మేనేజరు కాలవ అవతల పేటలోంచి తీసుకొచ్చాడు. బాగా చేసింది పాపం.”

“రిహార్సలయ్యేక ఆవిడ దగ్గర గిన్నె తీసుకున్నారు కదా. ఏం చేసేరు దాన్ని?”

“మళ్ళీ రాణికిచ్చారు. ఇంకో రిహార్సల్ ఉంది కదా.”

“మధ్యలో?”

“మధ్యలో ఏముంది, తుడిచుంటారు.”

“శానిటైజర్ పోసి తుడిచేరు. రాణిగారు తుడవమన్నారు. తరవాత తన చేతులకి రాయించుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నారు. అప్పుడు మళ్ళీ ఎల్తున్ అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నాకు ఆ శానిటైజర్ దగ్గరే అనిపించిందండి, ఇదే నేను చేసిన క్రియ, వీళ్ళకి తెలీకుండానే ఎంత బాగా వాడుతున్నారో అని.”

“అది ఆవిడ అతిశుభ్రం. అందరితోనూ అంతే.”

“మీ చెయ్యి పట్టుకుని సెల్ఫీ తీసుకున్నాక రాసుకున్నారా?”

“…నేను చూడలేదు.”

“పోనీ ఇది చెప్పండి. మనుషులు వెనక్కి తీసుకోకుండా ఎందుకిస్తారు?”

“ప్రేమతో. జాలితో. పెద్దమనసుతో.”

“ఇంకా?”

“ఇంకేం కారణం ఉంటుందండీ?”

“అసహ్యంతో.”

“అసహ్యంతో ఇవ్వడమేంటి?”

“అవతలి మనిషి నోరు తగిలిన వస్తువు మళ్ళీ ఇంట్లోకి తెచ్చుకోలేక. ఎంత తోమినా పోదని. అలాంటప్పుడు ఏం చేస్తారు? విసిరికొడితే బాగుండదు. పోనీలే నువ్వే ఉంచేసుకో అంటారు. ఇచ్చినవాళ్ళకి పుణ్యం, పుచ్చుకున్నవాళ్ళకి వస్తువు. దానికండి ఎల్తు.”

“అంటే… మీకెవరైనా అలా ఇచ్చారా?”

“నాకు కాదు. మా అమ్మకి. సువార్తమ్మ అని. తోటల్లో కొబ్బరికాయలు మొయ్యడానికి వెళ్ళేది.”

“చెప్పండి.”

“చెప్పడానికి పెద్ద కథేం కాదు. నడివేసవిలో ఓ పెద్దింటి పెరట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. మామూలుగా అయితే నీళ్ళు దోసిట్లోకి పోస్తారు, పైనుంచి. పడిపోయిన మనిషి దోసిలెక్కడ పడుతుంది? ఆ ఇంటి ఇల్లాలు గాభరాపడి, చేతికందిన ఇత్తడి గ్లాసుతో నీళ్ళు తెచ్చి అమ్మ నోటి దగ్గర పెట్టేరు. అబద్ధం ఎందుకు, ఆవిడే పెట్టేరు, ప్రాణం నిలబెట్టేరు. అమ్మ కరిచి తాగేసింది. కాస్త తేరుకున్నాక గ్లాసు తోమి బోర్లించబోతే, వద్దు, నువ్వే ఉంచేసుకో అన్నారంట.”

“మంచావిడే కదండీ.”

“అమ్మా అలాగే అనుకుంది. కొంగులో మూట కట్టుకొచ్చి పేటంతా తిప్పి చూపించింది. అప్పటికి మా ఇంట్లో అన్నీ సత్తు సామాన్లే, ఇత్తడన్నది లేదు. మా మేనత్త గ్లాసు చేత్తో పట్టుకుని, వదినా నువ్వు నోరు పెట్టి తాగేవా అనడిగింది. అమ్మ తాగేనంది. మేనత్త ఇంకేం అనలేదు, నవ్వి గ్లాసు ఇచ్చేసింది. ఆ నవ్వుతో అమ్మకి మొత్తం తెలిసిపోయింది. ఇక ఆ గ్లాసులో మా ఇంట్లో ఎవరూ మంచినీళ్ళు తాగలేదండి. పారెయ్యడానికి మనసొప్పదు, తాగడానికి ఒళ్ళొప్పదు. ట్రంకుపెట్టెలో అడుక్కి తోసేసింది. ఇప్పుడు అమ్మ లేదు, గ్లాసుంది.”

“అయ్యో.”

“నేను పెద్దయ్యి భాషలు చదివేను. యూనివర్సిటీలో అవే చెప్పుకుని బతుకుతున్నాను. చదివిన భాషలన్నిట్లో వెతికేను, ఆ ఇవ్వడానికి ఓ మాటుందేమోనని. మన తెలుగులో దానం ఉంది, ధర్మం ఉంది, కానుక ఉంది, కట్నం ఉంది, దీనికి లేదు. మీరేమో లేని భాషొకటి చెయ్యమన్నారు. లేని భాషలోనైనా ఉండనిద్దామని చేసేను. నాలుగు రూపాలూ చేసేను. ఆ నాలుగోది మా అమ్మది. మీరు అది అవసరం పడలేదన్నారు.”

“నాకేం తెలుసండీ. చెప్పుంటే…”

“చెప్పుంటే?”

“ఏమో. ఎవరిల్లండీ అది?”

“ఏదో ఇల్లులెండి. ఈ చుట్టుపక్కలదే.”

“గ్లాసు ఇచ్చేటప్పుడు ఆవిడ ఇంకేమన్నారు?”

“ఏదో అన్నారు. అదెందుకిప్పుడు. మీరొకటి చెప్పండి. ఎల్తున్ అన్న తరవాత రాణి తెలుగులో ఓ వాక్యం అంటుంది చూడండి, అదెక్కడిది?”

“‘మా ఇంట్లో ఇచ్చింది వెనక్కి తీసుకునే అలవాటు లేదు.’ అదేనా? అది మా మామ్మదండీ. సెలవులకి ఇక్కడికొచ్చినప్పుడల్లా వినేదాన్ని. పనివాళ్ళకి చీరిచ్చినా, గిన్నె ఇచ్చినా ఇదే మాట. నాకు భలే గర్వంగా ఉండేది. ఆ మాటకొస్తే రాణి పాత్ర మొత్తం మామ్మే.”

“అనుకున్నాను.”

“ఏమనుకున్నారు?”

“ఏం లేదండి. ఆ క్రియ తీసెయ్యండి. కుదరదంటే టైటిల్స్‌లో నా పేరు తీసెయ్యండి. రెండిట్లో ఏదో ఒకటి.”

“అలా ఎలాగండీ, భాషంతా మీదైతే. మీ అమ్మగారికి జరిగింది ఘోరం, కాదనను. వింటుంటే నాకూ అసహ్యం వేసింది. కానీ ఇప్పుడెక్కడున్నాయి అవన్నీ? ఎప్పటివో పట్టుకుని ఓ మంచి మాటని చంపుకుంటామా? ఇదే ఇంట్లో మీకు జరుగుతున్న మర్యాద చూడండి. యూనిట్లో అందరికీ కాఫీ ఇచ్చి ఊరుకుంటుంది మామ్మ. మీరొస్తే మాత్రం తోటమాలి శ్రీరాముల్ని చెట్టెక్కించి బొండాం దింపిస్తుంది. నాక్కూడా అంత ఇది లేదు.”

“ఆయ్. ప్రతిసారీ బొండామే.”

“అదే చెప్తున్నాను.”

“కాఫీ ఒక్కసారీ రాలేదు.”

“బొండాం కంటే కాఫీ గొప్పా ఏంటండీ?”

“నీళ్ళు తాగేసేక బొండాన్నేం చేస్తారు?”

“పారేస్తారు.”

“అంతేనండి.”

“అంతేనండి అంటే? …ఛ. ఛ, అలా కాదు. దేవదానం గారూ, ఇది మరీ అన్యాయం. ఆవిడ ప్రేమగా ఇచ్చినదాన్ని పట్టుకుని…”

“తోమక్కర్లేదు, విడిగా పెట్టక్కర్లేదు, వెనక్కి అడగక్కర్లేదు. దేవుడు కోనసీమకిచ్చిన గ్లాసండి అది.”

“ఊరికే అనకండి. మామ్మకి అసలు మీరెవరో ఎలా తెలుసు?”

“మొదటిరోజు నా పేరడిగేరు. చెప్పేను. ఊరడిగేరు. చెప్పేను. ఊళ్ళో ఏ వైపు బాబూ అనడిగేరు. మీరు పక్కనే ఉన్నారు. మామ్మ ఎంత ఆప్యాయంగా అడుగుతుందో చూడండని నాతో అన్నారు కూడా.”

“అన్నాను.”

“కాలవ అవతల పేటండి అన్నాను. అప్పుడే శ్రీరాములు పేరు పెట్టి కేకేసేరు.”

“…మీకు అనుమానం ఎక్కువండీ. క్షమించండి, అనాల్సొస్తోంది. ఇంత చదువుకుని, బొండాంలో కూడా వెతుక్కుంటే ఎలాగ? నన్ను ఎత్తుకు పెంచిన మనిషండీ ఆవిడ. మీరు మా ఇంట్లో కూర్చుని ఆవిడని ఇంత మాటంటుంటే నాకు ఒళ్ళంతా ఎలాగో ఉంది.”

“అందుకే చెప్పననుకున్నాను. మీరడిగేరు.”

“ఉండండి, ఇప్పుడే తేలిపోతుంది. మామ్మా. ఓ మామ్మా.”

“వస్తున్నానే, తొందరెందుకు. ఇదిగో నీ కాఫీ. బాబుగారికి శ్రీరాములు బొండాం కొడుతున్నాడు. ఎండన పడి వచ్చేరు కదా బాబూ, చలవ చేస్తుంది.”

“ఆయనకీ కాఫీ ఇవ్వు మామ్మా.”

“ఈ వేళప్పుడు కాఫీ ఏంటే, వేడి చేస్తుంది.”

“నాకు చెయ్యదా?”

“చిన్నదానివి, నీకేం. అయినా డికాషనైపోయింది.”

“పోనీ టీ పెట్టు.”

“పాలుండొద్దూ? సాయంత్రం పాలు ఇంకా రాలేదు.”

“రాజ్ కుమార్ ఇప్పుడే వంటింటి గుమ్మంలో తాగుతున్నాడు, స్టీలు గ్లాసుతో. నేను చూశాను.”

“ఆయనకిచ్చేకే అయిపోయింది. ఏంటే నీ ఆరాలు ఇవాళ? బాబుగారికి బొండామంటే ఇష్టం. అవునా బాబూ?”

“ఆయ్, ఇష్టమేనండి.”

“విన్నావా.”

“కాఫీ ఇష్టం లేదా దేవదానం గారూ?”

“అదీ ఇష్టమేనండి.”

“అయితే తల్లీ, మీ షూటింగు వాళ్ళ కాగితం కప్పొకటి పట్రా. నీదాంట్లోంచి కొంచెం వంచి ఇద్దాం.”

“కాగితం కప్పెందుకు మామ్మా? ఇంట్లో గ్లాసుల్లేవా?”

“శుభ్రంగా ఉంటాయని. ఎవరిది వాళ్ళకి.”

“నాకు మాత్రం వెండిదిచ్చావు.”

“నీ పేరు చెక్కించి మీ తాతగారు చేయించింది. నీకు కాక ఇంకెవరికిస్తాను?”

“ఇదిగోండి దేవదానం గారూ. నేనింకా నోట పెట్టలేదు. మీరు తాగండి.”

“వద్దులెండి.”

“తీసుకోండి. నాకోసం.”

“మీకోసమేనా?”

“నాకు తెలీదు. ముందు తీసుకోండి.”

“ఒసే ప్రియా.”

“ఏం మామ్మా?”

“ఏం లేదు. …బాబూ, ఎత్తి పోసుకోండి. మరీ వేడిగా లేదు.”

“అలవాటు లేదమ్మా, మీద పోసుకుంటాను. కరిచే తాగుతాను.”

“ఆయ్. మీ ఇష్టం బాబూ.”

“ఎలా ఉందండీ కాఫీ?”

“బాగుందండి. నిజంగా బాగుంది. ఈ ఇంటి కాఫీ ఎలా ఉంటుందో అనుకునేవాణ్ణి.”

“చూశారా? ఏమైందిప్పుడు? ఏమీ కాలేదు. మామ్మ ఒక్క మాటన్లేదు. మీరేమో కొండంత ఊహించుకున్నారు. ఇలా ఇవ్వండి గ్లాసు, లోపల పెట్టేసి వస్తాను.”

“ఉండవే. లోపలికెందుకు?”

“తోమడానికి.”

“ముట్టుకోకు. అక్కడే ఉండనీ.”

“ముట్టుకోకు ఏంటి మామ్మా?”

“అదేనే, చెయ్యి కాల్తుందని.”

“ఖాళీ గ్లాసు కాల్తుందా?”

“మాటకి మాట చెప్పకు. బాబూ, ఆ గ్లాసు తమరే ఉంచేసుకోండి. మంచి వెండి. మా పిల్లకి ఇంత సాయం చేసేరు, చదువుకున్నవారు, వట్టి చేతుల్తో పంపితే బాగోదు. గుర్తుగా ఉంటుంది.”

“మామ్మా, దాని మీద నా పేరుంది.”

“ఉంటే ఉంది. నీకింకోటి చేయిస్తాను.”

“తాతయ్య చేయించింది అది. నేను నోట పెట్టి పాలు తాగిన గ్లాసు. పెళ్ళయితే నాతో పంపిస్తానన్నావు.”

“చేయిస్తానన్నాను కదే. తీసుకెళ్ళండి బాబూ. మా ఇంట్లో ఇచ్చింది వెనక్కి తీసుకునే అలవాటు లేదండి.”

“అదే మాట. రాణి నోట నేను పెట్టిన మాట.”

“ఏంటే, అలా అయిపోయేవు?”

“దేవదానం గారూ.”

“చెప్పండి.”

“ఆ సీను తీసేస్తానండీ. ఆ క్రియ, ఆ గిన్నె, ఆ రాణి, మొత్తం తీసేస్తాను. నాకూ రోత పుట్టింది.”

“తియ్యకండి.”

“మీరే కదా తీసెయ్యమన్నది?”

“ఇందాక అన్నాను. ఇప్పుడు ఉంచమంటున్నాను. రాణి చేత ఏడిపించకండి, ఆ వేణువు తీసెయ్యండి. మీ మామ్మగారు ఇప్పుడెలా అన్నారు, అంత మెత్తగా, అంత మర్యాదగా అనిపించండి చాలు. చూసేవాళ్ళకి అదే తెలుస్తుంది. ఆ ముసలావిడకి మాత్రం ఒక్క మాటివ్వండి.”

“నాలుగోది.”

“ఆయ్.”

“ఎల్తోయి.”

“ఆయ్. గిన్నె కళ్ళకద్దుకోవద్దని చెప్పండి. చేత్తో పట్టుకుని, రాణి మొహంలోకి చూసి అనమనండి.”

“ఏంటో మీ భాష, నాకొక్క ముక్క అర్థం కాదు. బాబూ, గ్లాసు సంచీలో పెట్టుకోండి, మర్చిపోతారు. మొహమాటపడకండి.”

“మొహమాటం కాదమ్మా. మా అమ్మ సువార్తమ్మకి మీరిచ్చిన ఇత్తడిది ఇంకా ఇంట్లోనే ఉందండి.”